బానెట్ ఎత్తితే బిల్లే!

*కారు కొనేటప్పుడు కిస్తీ లెక్క చూస్తాం, మైలేజీ లెక్క చూస్తాం. షెడ్డు ఖర్చు లెక్క మాత్రం బండి ఆగిపోయిన రోజునే మొదలవుతుంది. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ దారుల్లో కారున్న ప్రతి ఇంటినీ కలవరపెడుతున్న సర్వీసింగ్ బిల్లు వెనక ఏముంది?*

ఉదయం ఎనిమిదిన్నర. మిర్యాలగూడలో సాగర్ రోడ్డు పక్క సందు. మెకానిక్ షెడ్డు షట్టరు ఇంకా సగమే లేచింది. దాని ముందు ఆరేళ్ల నాటి చిన్న కారు. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చారు. బడికి వేళవుతోందని యజమాని సారు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. మెకానిక్ బానెట్ ఎత్తాడు. ఇంజిన్ కవర్ మీద గుప్పెడు వడ్ల పొట్టు, సగం కొరికిన గింజలు, పీచుపీచుగా చీలిన నల్ల ప్లాస్టిక్ తొడుగు ముక్కలు. కవర్ ఊడదీసి టార్చి కొడితే కింద వైర్ల కట్ట. అందులో మూడు తీగలు తెగి, రాగి పోగులు బయటికి తేలి మెరుస్తున్నాయి.

"ఎలుకలు సార్. మీ ఇంటి పక్కన గోదాం ఏమన్నా ఉందా?"

"వెనకనే ఉంది. ఎంతైతది భాయ్?"

"తీగెలు అతికి, స్లీవ్ ఎక్కించి, టేపు చుడితే ఐదారొందలు. బండి స్టార్టైతది. కానీ సార్, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరుతదని మాత్రం చెప్పలేను. దానికి కంపెనోళ్ల స్కానర్ కావాలె. నా దగ్గరున్నది ఈ బండిని పూరా సదవదు."

సారు అక్కడి నుంచే కంపెనీ వర్క్‌షాపుకు ఫోన్ చేశారు. అక్కడి జవాబు వేరు. కొరికిన వైరింగ్ అతకరట, మొత్తం సెట్టు మారుస్తారట. ఖర్చు పదివేలు దాటి ఎక్కడ ఆగుతుందో బండి చూశాకే చెబుతారట. సామాను రావడానికి ఇంకో వారం.

జబ్బు ఒక్కటే. ఒకచోట మందు వందల్లో, ఇంకోచోట వేలల్లో. చవకగా చేసేవాడి దగ్గర పనికి భరోసా లేదు, భరోసా ఇచ్చేవాడి దగ్గర ధరకు అదుపు లేదు. ఈ రెంటి మధ్యే ఈ ప్రాంతంలో కారున్న మధ్యతరగతి మొత్తం నలుగుతోంది. సామాన్ల ధరలు పెరిగిన మాట నిజమే. అయితే బిల్లు బరువంతా వాటిదే కాదు. బండిలో ఏం పాడైంది, దాన్ని బాగుచేయవచ్చా, మార్చాల్సిందేనా అన్న సంగతి ఒక్క చేతిలోనే ఉండిపోవడం అసలు బరువు.

ఊక దుమ్ము, కేజ్‌వీల్ రోడ్లు

ఈ ప్రాంతంలో కారుకు పని ఎక్కువ, సుఖం తక్కువ. మిర్యాలగూడ చుట్టూ పదుల కొద్దీ బియ్యం మిల్లులు. దామరచర్ల, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద రాత్రీ పగలూ లారీలు. కోతల కాలంలో మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల బారులు. ఊక, బూడిద, సిమెంటు పొడి కలిసిన గాలినే ఇక్కడి ఇంజిన్లు పీలుస్తాయి. ఎయిర్ ఫిల్టర్ ఒకసారి ఊడదీసి నేలకేసి తడితే చాలు, ఎంత పేరుకుందో కళ్లకు కడుతుంది.

ఫిల్టర్లు ఫలానా కిలోమీటర్లకు మార్చమని కంపెనీ మాన్యువల్ చెబుతుంది. దుమ్ము ఎక్కువుండే చోట ఇంకా ముందే చూసుకోమనే మాట కూడా అందులోనే ఉంటుంది. ఆ మాట చదివేవాళ్లు తక్కువ. ఏసీ చల్లబడటం లేదని గ్యాస్ నింపించుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లలో కొందరికి నిజానికి కావాల్సింది ఓ కేబిన్ ఫిల్టరే.

ఊళ్లలోకి వెళ్తే దుమ్ముకు రోడ్లు తోడవుతాయి. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు మొదలయ్యాయంటే దమ్ము చేసే ట్రాక్టర్లు ఇనుప కేజ్‌వీల్స్‌తోనే తారు రోడ్డెక్కుతాయి. ఆ గాట్ల మీద నడిచిన కారుకు ముందు పోయేవి లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఆ తర్వాత షాకబ్జార్లు. "కింద డబడబ కొడుతోంది" అన్న ఫిర్యాదు లేకుండా ఏ షెడ్డుకూ పొద్దు గూకదు. హైవే ఎక్కితే ఇంకో బాధ. కంకర లారీ వెనక పోతుంటే ఎగిరొచ్చే చిన్న రాయి చాలు, అద్దం మీద సాలెగూడు గీయడానికి.

వీటన్నిటితో పాటు దూరం ఖర్చు. బాగా అమ్ముడుపోయే ఒకటి రెండు కంపెనీల వర్క్‌షాపులు చిన్న పట్టణాల్లోకీ వచ్చాయి. మిగతా బ్రాండ్ల బండి అయితే నల్లగొండో, సూర్యాపేటో, ఖమ్మమో పోవాలి. ఇంకొన్నింటికి హైదరాబాదే దిక్కు. పొద్దున బండి అప్పజెప్పి, సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి. రోజు కూలీ, డీజిల్, టోల్ కలిస్తే సర్వీసింగ్ మొదలుకాకముందే ఒక బిల్లు అయిపోయినట్టే.

'ఫ్రీ' సర్వీసులో ఏది ఫ్రీ?

కొత్త కారుతో వచ్చే ఉచిత సర్వీసుల్లో ఉచితం లేబర్ చార్జీ మాత్రమే. ఇంజినాయిల్, ఫిల్టర్లు, కూలెంట్ లాంటి వాటికి మనమే కట్టాలి. కొన్న మొదటి ఏడాదిలోనే బిల్లు చేతికొచ్చి చాలామంది కంగుతినేది ఇక్కడే.

అసలు కథ ఉచిత సర్వీసులు అయిపోయాక మొదలవుతుంది. వర్క్‌షాపులో బండిని చూసేది మెకానిక్, మనతో మాట్లాడేది సర్వీస్ అడ్వైజర్. ఈయన చేతిలో ఓ జాబితా ఉంటుంది. ఇంజిన్ డీకార్బనైజింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, ఇంటీరియర్ క్లీనింగ్, పెయింటుకు పాలిష్. వీటిలో కొన్ని కొన్ని బండ్లకు కొన్నిసార్లు అవసరమే. అయితే మాన్యువల్‌లోని షెడ్యూలులో లేని పని ప్రతి సర్వీసుకూ అవసరం కాదు. "చేయించుకుంటే మంచిది సార్" అన్నాక వద్దనడానికి మనకు మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు బిల్లు చివరన తెలుస్తుంది.

అడ్వైజర్‌ను ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు. కొత్త కారు అమ్మితే డీలర్‌కు మిగిలేది స్వల్పం. పోటీలో ఇచ్చే డిస్కౌంట్లు, యాక్సెసరీలు పోను అది ఇంకా కరుగుతుంది. షోరూమ్ అద్దె, జీతాలు నెట్టుకురావాలంటే వర్క్‌షాప్, బీమా కమీషన్లే ఆధారం. అందుకే సర్వీస్ అడ్వైజర్లకు నెలవారీ టార్గెట్లుంటాయి. పైన చెప్పిన జాబితా పొడుగంతా ఆ టార్గెట్లదే.

"ఏనుగును కొన్నోడివి అంకుశానికి బేరమాడతావేంటి?" అని సామెత చెప్పి బంధువులు ఎగతాళి చేస్తారు. కానీ అంకుశం ఏటా కొనాల్సి వస్తే, దాని ధర ఏటా పెరుగుతూ పోతే, బేరమాడకపోవడమే అమాయకత్వం.

అతకడం పోయింది, మార్చడం వచ్చింది

పాతికేళ్ల కింద కారు హెడ్‌లైటు పోతే బల్బు మార్చేవాళ్లు. పగిలితే అద్దం మార్చేవాళ్లు. ఇప్పటి ఎల్ఈడీ హెడ్‌ల్యాంపులు చాలావరకు మూతేసిన పెట్టెలు. లోపల ఏది పోయినా పెట్టె మొత్తం మార్చమంటారు. సెల్ఫ్ మోటారు, డైనమో విప్పి బుష్‌లు వేసి మళ్లీ బిగించడం షెడ్డు విద్య. వర్క్‌షాపులో అదే పని "అసెంబ్లీ రీప్లేస్‌మెంట్". చేసేవాడికి టైమ్ తక్కువ పడుతుంది, తప్పు జరిగే అవకాశమూ తక్కువే. ఖర్చు మాత్రం మనది.

కాలుష్య నిబంధనలు బీఎస్–6కు మారిన 2020 ఏప్రిల్ 1 తర్వాత బండి లోపలి లోకమే మారిపోయింది. డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్లు, పొగగొట్టం పొడవునా సెన్సర్లు వచ్చాయి. పొగ తగ్గింది, మన ఊపిరితిత్తులకు అది మేలు. అయితే మసి ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పరుగెత్తాలి. మిర్యాలగూడలోనే హనుమాన్‌పేట నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి మార్కెట్‌కు తిరిగే డీజిల్ కారుకు ఆ పరుగు దొరకదు. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, బండి షెడ్డుకెళ్తుంది. టౌన్లో రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిల్ కారు అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పే సేల్స్‌మన్‌ను వెతకాలి.

భద్రత పెరిగింది, అదీ మంచిదే. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కారు గుద్దుకుంటే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత పేలిన బ్యాగులు, వాటి కంట్రోల్ యూనిట్, చిరిగిన డ్యాష్‌బోర్డు, బిగుసుకున్న సీటుబెల్టులు కలిపి వేసే ఎస్టిమేటు చూస్తే పాత బండి యజమానికి దాన్ని బాగుచేయించాలో, వదిలేయాలో తేలదు.

> ■ పన్ను తగ్గింది, మరి బిల్లు?
>
> 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. వాహన విడిభాగాలు, కారు టైర్లు, బ్యాటరీల మీద 28 శాతం ఉన్న పన్ను 18 శాతానికి దిగింది.
>
> పన్నుకు ముందు పదివేలున్న విడిభాగం అప్పుడు 12,800. ఇప్పుడు 11,800. పదివేలకు వెయ్యి మిగులు.
>
> అయితే ఇంజినాయిల్ మీద, లేబర్ మీద పన్ను అప్పుడూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే. కాబట్టి మామూలు ఏడాది సర్వీసింగ్‌లో తగ్గుదల పెద్దగా కనపడదు. క్లచ్, సస్పెన్షన్, టైర్లు మార్చిన బిల్లులో కనపడాలి. కనపడకపోతే పాత ఎమ్మార్పీ వేశారేమో అడగాలి.
>
> ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న షెడ్డుకు సేవల మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ అని వేసి వసూలు చేయకూడదు.

డబ్బా మారితే ధర మారుతుంది

కారు కంపెనీ తన పేరు ముద్రించి అమ్మే విడిభాగాలన్నీ తాను తయారుచేసేవి కావు. బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, బేరింగులు చాలావరకు వేరే సంస్థలు చేసిచ్చేవే. అదే వస్తువు కంపెనీ డబ్బాలో ఒక ధర, తయారీదారు డబ్బాలో ఇంకో ధర. మరి తయారీదారు డబ్బాలో అన్నీ ఎందుకు దొరకవు?

ఈ ప్రశ్న 2011 జనవరిలోనే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ముందుకెళ్లింది. షంషేర్ కటారియా అనే వినియోగదారుడు కొన్ని కార్ల కంపెనీల మీద ఫిర్యాదు చేశారు. విడిభాగాలు, బండి జబ్బు కనిపెట్టే సాంకేతిక పరికరాలు, రిపేరు మాన్యువళ్లు బయటి మెకానిక్‌లకు దొరకకుండా కంపెనీలు కట్టడి చేస్తున్నాయని ఆయన ఆరోపణ. విచారణ మిగతా కంపెనీలకూ పాకింది. 2014 ఆగస్టు 25న తీర్పు వచ్చింది. 14 కంపెనీలకు మొత్తం రూ.2,544.65 కోట్ల జరిమానా. మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టయోటా, ఫోర్డ్... అందరూ ఆ జాబితాలో ఉన్నారు. విడిభాగాల మీద కంపెనీలు వేసుకున్న లాభం సగటున నూరు శాతం పైమాటేనని, కొన్నింటి మీద దాదాపు 5,000 శాతం దాకా ఉందని విచారణలో తేలింది.

జరిమానా కంటే ఆ తీర్పులో మనకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. బయటి మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టొద్దని కమిషన్ కంపెనీలను ఆదేశించింది. బయటివాళ్లు చేసిన పని వల్లే నష్టం జరిగితే ఆ మేరకు వారంటీ నిరాకరించవచ్చు గానీ, బయట కాలు పెట్టావు కాబట్టి అంతా పోయిందనడం కుదరదని దాని సారాంశం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, వ్యవహారం ఏళ్ల తరబడి ట్రిబ్యునళ్లు, కోర్టుల చుట్టూ తిరిగింది. వర్క్‌షాపు కౌంటర్ల దగ్గర మాత్రం "బయట చేయిస్తే వారంటీ పోతుంది సార్" అన్న మాట నేటికీ వినిపిస్తూనే ఉంది.

దేశం విడిచిపోయిన కంపెనీల బండ్లు కొన్నవాళ్ల అవస్థ ఇంకోరకం. జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దగ్గర అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామన్నా, చిన్న పట్టణంలో ఆ బండికి ఓ డోర్ హ్యాండిల్ కావాలన్నా హైదరాబాద్‌కో, విజయవాడకో ఫోన్ కొట్టాలి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో అవి చవకగా రావడానికి అదొక కారణం. ఆ చవకను చూసి కొన్నవాళ్లు మిగిలిన డబ్బును తర్వాత సామాన్ల వెతుకులాటకే పెడుతుంటారు.

షెడ్డుకూ ఓ గోస

చేతికి గ్రీజు అంటిన పాత ఉస్తాదులు ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు. ఆ విద్య ఇప్పటి బండి ముందు సగమే పనిచేస్తోంది. స్కానర్ తగిలిస్తే తప్ప ఏ సెన్సరు ఏమంటోందో తెలియదు. అన్ని బ్రాండ్లకూ పనికొస్తాయని అమ్మే స్కానర్లు కోడ్ చూపిస్తాయి గానీ, కొన్ని కొత్త బండ్లలో విడిభాగం మార్చాక దాన్ని కంప్యూటర్‌కు పరిచయం చేసే పని వాటితో కాదు. అప్‌డేట్లకు ఏటా డబ్బు కట్టాలి. కంపెనీ మాన్యువల్ చేతికి రాదు. దాంతో ఫోనులో వీడియోలు చూసి, వాట్సప్ గ్రూపుల్లో తోటి మెకానిక్‌లను అడిగి నెట్టుకొస్తున్నారు. అందులో తెలివి ఉంది, తెగువ ఉంది, కొంత గుడ్డి ధైర్యమూ ఉంది. ఆ ప్రయోగం జరిగేది మన బండి మీద.

సామాన్లకు ఈ ప్రాంతం వాళ్లకు పెద్ద దిక్కు విజయవాడ ఆటోనగర్. కోదాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద పోతే అదేమంత దూరం కాదు. లారీ ఇంజిన్ నుంచి కారు బంపర్ దాకా, కొత్తదైనా పాతదైనా అక్కడ దొరకనిది అరుదు. పాత బండ్లు విప్పిన డోర్లు, గేర్‌బాక్సులు, హాఫ్ ఇంజిన్లు కొని తెచ్చి బిగిస్తే ఖర్చు సగానికి దిగుతుంది. డోర్, అద్దం, సీటు లాంటి వాటికి ఇది తెలివైన దారే. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగుల దగ్గర మాత్రం వద్దు. కంపెనీ డబ్బాను అచ్చుగుద్దినట్టు దింపిన నకిలీ బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ డబ్బాలు మార్కెట్లో తిరుగుతున్నాయి. వందలు మిగిలాయని వాటిని కొంటే, బ్రేకు తొక్కాక బండి ఎంత దూరంలో ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

పనివాళ్ల కొరత ఇంకో బెంగ. ఒకప్పుడు పదో తరగతి తప్పిన పిల్లవాడిని "పని నేర్పించు భాయ్" అని షెడ్డులో వదిలేవాళ్లు. పానా అందిస్తూ, ట్యాపెట్లు సెట్ చేస్తూ, తిట్లు తింటూ మూడు నాలుగేళ్లకు మెకానిక్ అయ్యేవాడు. ఇప్పుడు అదే కుర్రాడికి బైకు, ఫోను ఉంటే డెలివరీ పనిలో మొదటి నెల నుంచే డబ్బు కనపడుతోంది. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ కోర్సు చేసినవాళ్లను కంపెనీ వర్క్‌షాపులు లాక్కుంటాయి. మంచి టింకరింగ్ పనివాడు, పెయింటర్ ఊళ్లో ఒకరిద్దరే మిగిలితే వాళ్లు చెప్పిందే రేటు, ఇచ్చిందే తారీఖు.

కోదాడ నీళ్లు చెప్పిన పాఠం

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1. కుంభవృష్టికి కోదాడ వీధులు వాగులయ్యాయి. కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. విజయవాడ హైవే మీద రాకపోకలు ఆగాయి. అవే రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచింది.

నీళ్లు తీశాక అసలు నష్టం బయటపడింది. ఇంటి ముందు నిలిపిన కారు మునిగితే సీట్లు, కార్పెట్లు, ఎలక్ట్రానిక్ యూనిట్లు పాడవుతాయి. అది ఒక ఖర్చు. చాలామంది రెండో ఖర్చును తామే కొని తెచ్చుకున్నారు. బురద కడిగేసి, "స్టార్టవుతుందేమో చూద్దాం" అని తాళం తిప్పారు. ఇంజిన్ సిలిండర్లోకి చేరిన నీరు గాలిలాగా నొక్కుకుపోదు. పిస్టన్ పైకి వచ్చి ఆ నీటిని గుద్దేసరికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి బ్లాకు పగులుతుంది. శుభ్రం చేస్తే సరిపోయే ఇంజిన్ ఫుల్ ఇంజిన్ పనికి వస్తుంది.

మామూలు సమగ్ర బీమా వరద నష్టానికి వర్తిస్తుంది. కానీ నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పోతే అది తర్వాత జరిగిన నష్టమని, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేదని చెప్పి పక్కన పెడతారు. మునిగిన బండికి చేయాల్సింది ఇదీ. తాళం తిప్పకూడదు, బ్యాటరీ కనెక్షన్ తీయించాలి, ఫొటోలు తీసి బీమా కంపెనీకి చెప్పాలి, లాక్కునే తీసుకెళ్లాలి.

> ■ బీమా ఎంత ఇస్తుంది? మనమెంత కట్టాలి?
>
> జీరో డిప్రీసియేషన్ కవర్ లేకపోతే విడిభాగం ధరలో తరుగు మన నెత్తిన పడుతుంది.
>
> – రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులు: 50 శాతం తరుగు
> – ఫైబర్‌గ్లాస్: 30 శాతం
> – అద్దాలు: తరుగు లేదు
> – ఇనుప భాగాలు: తొలి ఆరు నెలలు తరుగు లేదు. ఏడాది లోపు 5, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50 శాతం
>
> లెక్క కోసం: నాలుగున్నరేళ్ల చిన్న కారుకు 20,000 ఇనుప భాగాలు, 10,000 బంపర్ మారాయనుకోండి. తరుగు 7,000, 5,000. తప్పనిసరి కోత 1,000. లేబర్, పెయింట్ సంగతి పక్కన పెట్టినా మన జేబులోంచి 13,000.
>
> చిన్న గీతకు క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుంటే అది 50 శాతం దాకా చేరుతుంది. క్లెయిమ్‌తో వచ్చేదెంత, బోనస్‌తో పోయేదెంత చూసుకోవాలి. ఎలుకలు కొరికిన వైరింగ్‌కు అన్ని పాలసీలూ ఒకేలా ఇవ్వవు, ముందే అడిగి ఉంచుకోవాలి.

వాయిదా వేస్తే వడ్డీ

సొంత కారు ఉన్న ఉద్యోగి బిల్లుకు భయపడి సర్వీసింగ్ రెండు నెలలు జరుపుతాడు. ఎల్లో ప్లేటు పెట్టి కిరాయికి తిప్పుకునే డ్రైవర్ కమ్ ఓనర్‌కు ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. బండి షెడ్డులో ఉన్న రోజు కిరాయి పోతుంది, కిస్తీ మాత్రం ఆగదు. శ్రావణం, మాఘం పెళ్లిళ్ల సీజన్లో బండి ఒక్కరోజు ఆగినా ఆ నెల లెక్క తప్పుతుంది. అందుకే ఆయిల్ నల్లబడినా "ఇంకో ట్రిప్పు" అంటాడు. బ్రేకులు కీచుమన్నా "ఈ పెళ్లి కానీ" అంటాడు.

ఆ వాయిదాకు వడ్డీ ఎక్కువ. వేళకు మార్చని ఆయిల్ చిక్కబడి ఇంజిన్ లోపలి దారులు మూసుకుంటాయి. అరిగిన బ్రేక్ ప్యాడ్ మార్చకపోతే ఇనుము ఇనుమును గీరి డిస్క్ పోతుంది. టైమింగ్ బెల్టు ఉన్న బండిలో దాన్ని గడువు దాటనిస్తే, తెగిన రోజున వాల్వులు వంగుతాయి. చిన్న పనితో పోయేది పెద్ద పని అవుతుంది. టింకరింగ్ షెడ్డుకు వచ్చే బండ్లలో కొన్ని అసలు బ్రేకు పనికి రావాల్సినవి.

ట్యాంకులో కొత్త తగువు

2025 ఆగస్టులో కారున్నవాళ్ల మధ్య నడిచిన పెద్ద చర్చ ఈ20 పెట్రోలు. నూరు పాళ్లలో ఇరవై ఇథనాల్. చెరకుతో పాటు మక్కజొన్న, బియ్యం నూకల నుంచి కూడా ఇథనాల్ తీస్తారు కాబట్టి మిల్లుల ఊరికి ఈ కథతో చుట్టరికం ఉంది. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లు దీనికి తగ్గట్టు తయారైనవి. భయమంతా పాత బండ్ల గురించే. మైలేజీ కొంత తగ్గొచ్చని, 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, ఆ పని ఖరీదైనది కాదని పెట్రోలియం శాఖే వివరణ ఇచ్చింది. ఈ20ని సవాలు చేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. కోర్టులో తగువు తీరినా, పదేళ్ల కారున్న మనిషి తన బండిలో ఏ పైపు మార్చాలో, ఎప్పుడు మార్చాలో మెకానిక్‌నే అడగాలి. మెకానిక్‌కు చెప్పేవాళ్లెవరు?

తాళాలు తీసిన చోట

అమెరికాలో ఉన్న మన పిల్లలు వారాంతంలో ఇంటి ముందే కారు జాకీ ఎత్తి ఆయిల్ మార్చుకుంటున్న ఫొటోలు పంపుతుంటారు. అక్కడ లేబర్ గంట లెక్కన మంట పుట్టిస్తుంది కాబట్టి చేతులు నల్లబడక తప్పదు. అయితే ఆ పని చేసుకోవడానికి కావాల్సిన సమాచారం కోసం అక్కడివాళ్లు పోరాడారు కూడా. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు ఓటేసి రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు. డీలర్లకు ఇచ్చే రిపేరు సమాచారం, పరికరాలు న్యాయమైన ధరకు బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని అది చెప్పింది. 2014లో కార్ల కంపెనీలు అదే పద్ధతిని దేశమంతటా పాటించడానికి ఒప్పుకున్నాయి.

మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. ఆ ఏడాది డిసెంబరులో ఓ పోర్టల్ కూడా తెచ్చింది. వెబ్‌సైటు మంచి మొదలే. కోదాడలో ఓ మెకానిక్ తాను కొన్న స్కానర్‌లో కొత్త బండి కోడ్ చదవగలిగిన రోజున, ఐటీఐలో చదివే కుర్రాడికి ఆ కోడ్ అర్థం పాఠంగా చెప్పిన రోజున ఆ హక్కు మన ప్రాంతానికి వచ్చినట్టు.

> ■ పని మొదలవకముందే ఇవి అడగండి
>
> 1. రాతపూర్వక ఎస్టిమేట్. సామాను వేరు, లేబర్ వేరు, పన్ను వేరుగా రాయాలి. ఖర్చు అది దాటితే ఫోన్ చేశాకే ముందుకెళ్లమని జాబ్ కార్డు మీదే రాయించండి.
> 2. "ఇది మాన్యువల్ షెడ్యూలులో ఉందా?" లేకపోతే ఎందుకో చెప్పమనండి.
> 3. మార్చిన పాత సామాను తిరిగివ్వమనండి. బీమా క్లెయిమ్ కాకపోతే అది మీదే.
> 4. బాగుచేయవచ్చా, మార్చాల్సిందేనా? రెండింటికీ ధర చెప్పమనండి.
> 5. సామాను డబ్బా మీద ఎమ్మార్పీ, పార్ట్ నంబరు చూసి ఫొటో తీసుకోండి.
> 6. షెడ్డయినా సరే బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి.
> 7. బండి తీసుకునేటప్పుడు మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు నడపండి.

అడిగేవాడికే ఎస్టిమేటు

కంపెనీ వర్క్‌షాపు మోసమనీ, షెడ్డు పుణ్యక్షేత్రమనీ అనుకుంటే తప్పులో కాలేసినట్టే. వారంటీలో ఉన్న బండికి, ఎయిర్‌బ్యాగు, బ్రేకు కంప్యూటర్ లాంటి పనులకు కంపెనీయే మేలు. వారంటీ దాటిన బండికి సస్పెన్షన్, క్లచ్, టింకరింగ్, ఏసీ పనులు నమ్మకమున్న షెడ్డులో సగం ధరకు అవుతాయి. ఏ పని ఎక్కడ చేయించాలో తెలియడానికి పెద్ద ఇంజినీరింగ్ అక్కర్లేదు. బండితో వచ్చి గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా పడున్న మాన్యువల్‌లో సర్వీసు షెడ్యూలు పేజీ చదివితే సగం పని అయినట్టే.

మిగతా సగం చట్టం దగ్గరుంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం హైదరాబాద్ వర్క్‌షాపు మీద ఫిర్యాదుకు హైదరాబాద్ పోనక్కర్లేదు. మనం ఉండే చోటే వేయొచ్చు. మిర్యాలగూడ వాళ్లకు నల్లగొండ జిల్లా కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే చాలా తగాదాలు అక్కడే సర్దుబాటవుతాయి. ఇవన్నీ పనిచేయాలంటే చేతిలో కాగితం ఉండాలి. ఎస్టిమేటు, జాబ్ కార్డు, బిల్లు... ఈ మూడూ లేనివాడి కోపం షెడ్డు గేటు దాటదు.

బిల్లు చేతికొచ్చాక వంద తగ్గించమని బతిమాలడం మనకు అలవాటు. దాని బదులు పని మొదలుకాకముందు "ఎందుకు?" అని ఒక్క మాట అడగడం నేర్చుకుంటే తగ్గేది వంద కాదు, వేలు.